కడుపునొప్పేగా అనుకున్నాను

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది ఖమ్మం. నాకు 41 ఏళ్లు. విత్తనాల కంపెనీలో సేల్స్ ఉద్యోగం, నెలలో సగం రోజులు ఊళ్ల మీదే ఉంటాను. మా ఆవిడకు 36. ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. పాపకు 13, బాబుకు 7.

పోయిన ఆదివారం రాత్రి బొడ్డు చుట్టూ నొప్పిగా ఉందంది. గ్యాస్ అనుకుని ఈనో కలిపి ఇచ్చాను. సోమవారం వాంతులు, కాస్త జ్వరం. ‘నీకు రోజూ ఏదో ఒక నొప్పే’ అన్నాను. ఆ మాట ఇప్పుడు నన్ను తినేస్తోంది. మంగళవారం పొద్దున నొప్పి తగ్గిందని చెప్పి, లేచి ఉప్మా చేసి పిల్లలకు డబ్బాలు కట్టింది. నేను ఇల్లెందు వైపు వెళ్లిపోయాను. సాయంత్రం పాప ఫోన్ చేసింది: ‘నాన్నా, అమ్మ లేవలేకపోతోంది.’ రాత్రి పదకొండింటికి ఆపరేషన్. అపెండిక్స్ పగిలి చీము పొట్టంతా పాకిందన్నారు. పొట్ట కోసి కడిగారు. రెండు రోజులు ఐసీయూలో ఉంచి నిన్న రూముకి మార్చారు.

ఆపరేషన్‌కి ముందు నర్సు పుస్తెలతాడు, మట్టెలు, గాజులు తీసి ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి నా చేతికిచ్చింది. అప్పట్నుంచీ అది నా చొక్కా జేబులోనే ఉంది. తాడు తీయడం అరిష్టమని మా అమ్మ ఏడుస్తోంది. మా అత్తగారూ వచ్చారు. వాళ్లిద్దరికీ పడట్లేదు. బాబుకి ‘అమ్మ అమ్మమ్మ వాళ్లింటికి వెళ్లింది’ అని చెప్పాం. ఇక మా ఆవిడ కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట పెళ్లివారి బ్లౌజుల గురించి! నాకు కోపం ఆగలేదు. ‘బతికి బయటపడ్డావు, ఇప్పుడు బ్లౌజులా’ అని కసిరాను. మూడు రాత్రులుగా ఆస్పత్రి బెంచీ మీదే ఉన్నాను. కంపెనీ ఇన్సూరెన్స్ మూడు లక్షలది ఉంది, దాని సంగతి నాకేమీ తెలియదు. ఏది ముందు చూడాలో అర్థం కావట్లేదు. ఇదంతా నా తప్పేనా అక్కా?

– ఒక పాఠకుడు, ఖమ్మం

సమాధానం: తమ్ముడూ, తొందరగా తెలియాల్సిన నాలుగు ముక్కలు మీకు ఆ రోజే విడిగా రాసి పంపాను. తీరిగ్గా చెప్పాల్సినవి కూడా కలిపి ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. ఇలాంటి రాత్రి ఏ ఇంటికైనా రావచ్చు కదా.

ముందు మీ తప్పు సంగతి తేల్చేద్దాం. అది తేలకపోతే మిగతావి మీ చెవికెక్కవు.

అపెండిక్స్ నొప్పి చాలామందిలో మొదట బొడ్డు చుట్టూ వస్తుంది. కొన్ని గంటలు గడిచాక గానీ కుడివైపు కిందికి దిగదు. అందుకే మొదటి రోజు అది అచ్చం గ్యాస్ నొప్పిలాగే ఉంటుంది. ఆదివారం రాత్రి ఈనో ఇవ్వడం తప్పేమీ కాదు. మన ఊళ్లో నూటికి తొంభై ఇళ్లలో అదే చేస్తారు. ఇక మంగళవారం పొద్దున నొప్పి తగ్గిందన్నారు చూడండి, అది ఆవిడ మీ కోసం చెప్పిన అబద్ధం కాకపోవచ్చు. ఉబ్బి బిగిసిపోయిన అపెండిక్స్ పగిలినప్పుడు లోపలి ఒత్తిడి ఒక్కసారిగా దిగిపోయి, కొన్ని గంటలపాటు హాయిగా అనిపిస్తుంది. ఆ తర్వాత చీము పొట్టలో పాకడం మొదలయ్యాక అసలు నొప్పి తెలుస్తుంది. ఉప్మా చేస్తున్న సమయానికి అది అప్పటికే పగిలి ఉండొచ్చు. నొప్పి తగ్గిందని మీరిద్దరూ నమ్మారు. తెలిసినవాళ్లు కూడా మోసపోయే చోటే మీరూ మోసపోయారు.

సోమవారం మాట వేరు. వాంతులు, జ్వరం, తగ్గని నొప్పి, మూడూ కలిసి వచ్చాయి. ఆ రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సింది. దానికి బదులు మీ నోటి నుంచి ఒక మాట వచ్చింది. దాన్ని నేను కడిగేయలేను, మీరూ కడిగేసుకోకండి. ఆవిడకు క్షమాపణ చెప్పండి. ఇప్పుడే వద్దు. ముక్కులో గొట్టంతో పడుకున్న మనిషి పక్కన కూర్చుని ‘నా వల్లే ఇదంతా’ అని మీరు ఏడిస్తే, ఆవిడ తన నొప్పి పక్కన పెట్టి మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. ఇంటికొచ్చి కాస్త తేరుకున్నాక, ఒక పూట పిల్లలు లేనప్పుడు, ‘సోమవారం నువ్వు చెప్పింది నేను వినలేదు, తప్పు నాదే’ అనండి. అంతే. జవాబు కోసం చూడకండి.

ఇది చదువుతున్న మిగతావాళ్ల కోసం ఒక్క మాట. దగ్గినా, తుమ్మినా, ఆటో స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగినా కుడివైపు కింద పొట్టలో పొడిచినట్టుంటే ఇంట్లో వైద్యాలు చాలించి సర్జన్‌కి చూపించండి. మన రోడ్ల మీద ఈ పరీక్ష వీధికి రెండుసార్లు ఉచితంగా జరుగుతుంది కాబట్టి తెలియలేదనడానికి వీల్లేదు.

ఇప్పుడు ఆ కవరు. తమ్ముడూ, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు పట్టి ఉంచింది అదే. దాన్ని జేబులో పెట్టుకుని ఆస్పత్రి క్యాంటీన్‌కీ, మందుల షాపుకీ, బెంచీ మీద నిద్రకీ తిరుగుతున్నారు. మీకది ధైర్యంగా ఉందేమో, కానీ పోగొట్టుకుంటారు. ఇంటికి తీసుకెళ్లి, లోపల ఏమేం ఉన్నాయో మీ అమ్మగారి ముందూ అత్తగారి ముందూ లెక్కపెట్టి, బీరువాలో పెట్టండి. ఇద్దరి ముందూ అన్నది మర్చిపోకండి. నగల విషయంలో సాక్షి ఒక్కరే ఉంటే రేపు ఆ ఒక్కరికే చెడ్డపేరు.

తాడు తీయడం అరిష్టమని బాధపడుతున్న అమ్మగారికి అసలు కారణం చెప్పండి. ఆపరేషన్లో రక్తం కారకుండా కరెంటుతో కాల్చే పరికరం ఒకటి వాడతారు. ఒంటి మీద లోహం ఉంటే అక్కడ చర్మం కాలే ప్రమాదం ఉంది. సెలైన్లు ఎక్కాక వేళ్లు వాస్తే మట్టెలు, ఉంగరాలు బిగుసుకుపోతాయి కూడా. ఇంత చెప్పినా మనసు ఒప్పకపోతే, నర్సుని అడిగి పసుపుకొమ్ము కట్టిన దారం ఒకటి మీ ఆవిడ మణికట్టుకో, తలగడ కిందో పెట్టనివ్వండి. అమ్మగారు కుదుటపడతారు. వాదించి గెలిచే సమయం కాదిది.

ఆవిడ ఒంటికున్న గొట్టాలు చూసి భయపడుతూ ఉంటారు. ముక్కులోంచి వెళ్లే సన్నటి గొట్టం పొట్టలో ఊరే నీటిని బయటికి లాగడానికి. పక్కటెముకల కిందో, నడుం పక్కనో వేలాడే సంచీ లోపల మిగిలిన చీమునీరు దిగిపోవడానికి. దాన్ని డ్రెయిన్ అంటారు. అందులో ఎర్రగా, పసుప్పచ్చగా ఏదో కనిపించగానే గుండె ఆగినంత పని అవుతుంది. కానీ బయటికి రావడమే మంచిది, లోపల ఉండిపోతేనే ప్రమాదం. రోజూ ఎంత దిగుతోందో, రంగు ఎలా మారుతోందో నర్సు రాసుకుంటుంది. మీరూ అడగొచ్చు.

డాక్టరు రౌండుకి వచ్చిన ప్రతిసారీ ‘గ్యాస్ పోయిందా, మోషన్ అయ్యిందా’ అని అడుగుతారు. పక్కన మామగారో మరిదో ఉంటే ఆడవాళ్లు సిగ్గుతో తల తిప్పుకుంటారు. పొట్ట తెరిచాక పేగులు కొన్ని రోజులు మొద్దుబారిపోతాయి. అవి మళ్లీ కదులుతున్నాయనడానికి గ్యాస్ పోవడం ఒక గుర్తు. డాక్టరు పొట్ట చూసి, ఆ మాట విని, గుక్కెడు నీళ్లతో మొదలుపెట్టమంటారు. అందుకే ఆ రౌండు సమయంలో గదిలో ఆవిడకు మొహమాటం లేని మనిషి ఒక్కరే ఉండేలా చూడండి, మిగతావాళ్లని టీకి పంపండి.

నోటికేమీ ఇవ్వొద్దన్నారంటే ఏమీ ఇవ్వకూడదు, అంతే. మావారికి 2009లో అల్సర్ పగిలి ఇలాగే రాత్రికి రాత్రి ఆపరేషన్ చేశారు. మూడో రోజు మా ఆడపడుచు ‘పాపం నోరు ఎండిపోతోంది’ అని నేను బయట కుర్చీలో ఉన్నప్పుడు రెండు చెంచాల కాఫీ పోసింది. ప్రేమతోనే పోసింది, కాదనను. సాయంత్రానికి పొట్ట ఉబ్బి, వాంతులై, మొన్నే తీసేసిన ముక్కు గొట్టం మళ్లీ వేశారు. ఆ గొట్టం రెండోసారి లోపలికి వెళ్తుంటే మావారు నా చెయ్యి పట్టుకున్న పట్టు నాకింకా గుర్తుంది. మీ ఇంట్లోనూ కొబ్బరిబొండాం పట్టుకుని తలుపు దగ్గర నిలబడేవాళ్లు ఉంటారు. బొండాం మీరు తాగేయండి, మీకూ నీరసంగానే ఉంది. ఆవిడ పెదాలకు తడిగుడ్డ అద్దొచ్చేమో నర్సుని అడగండి.

లేపి నడిపించమంటే మాత్రం జాలిపడకండి. పొట్ట మీద కుట్లున్న మనిషిని నాలుగడుగులు వేయమంటే క్రూరంగా కనిపిస్తుంది. పడుకునే ఉంటే కాళ్లలో రక్తం గడ్డకట్టొచ్చు, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరొచ్చు. మూడు బంతుల ప్లాస్టిక్ పరికరం ఒకటి ఇచ్చే ఉంటారు, గాలి పీలిస్తే బంతులు పైకి లేస్తాయి. అది ఆటవస్తువు కాదు, ఊపిరితిత్తుల కసరత్తు. దగ్గు వస్తే చిన్న తలగడ పొట్టకు హత్తుకుని దగ్గమనండి, కుట్ల మీద లాగినట్టుండదు.

ఇక మీ మూడు రాత్రుల బెంచీ గురించి. నన్ను తిట్టుకున్నా సరే, ఒక మాట అడుగుతాను. ఐసీయూలో ఉన్నప్పుడు బయట బెంచీ మీద మీరు చేసిన పని ఏమిటి? ఏమీ లేదు. మిమ్మల్ని మీరు శిక్షించుకున్నారు, అంతే. నేనూ అదే చేశాను. మావారు ఐసీయూలో ఉన్న మూడు రోజులూ ఆ స్టీలు కుర్చీలో కూర్చుని, ఇంటికి వెళ్లమన్నవాళ్లందరినీ కసిరి, భార్యనంటే ఇలా ఉండాలి అన్నట్టు ఉన్నాను. నాలుగో రోజు ఆయన్ని రూముకి మార్చి, పక్కన మనిషి కావాలన్నారు. అప్పటికి నాకు 102 జ్వరం. ఆయనకు నేను నిజంగా కావాల్సిన వారంలో నేను మా అక్క ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నాను.

మీ సెలవులు ఎన్ని మిగిలాయో ముందు లెక్క చూడండి. ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో నర్సులుంటారు, డాక్టర్లుంటారు. ఇంటికి తెచ్చిన మొదటి పది రోజులు ఎవరూ ఉండరు. సెలవులన్నీ ఈ బెంచీ మీద కరిగించేసి, ఆవిడ ఇంటికి వచ్చిన మర్నాడే మీరు బండెక్కి ఊళ్లకి పోతే లాభం లేదు. మేనేజరుతో ఇప్పుడే మాట్లాడండి. ఈ వారం సగం పూటలు ఫోన్ మీద పని చూసుకుంటానని, డిశ్చార్జి తర్వాత గట్టిగా పది రోజులు కావాలని అడగండి.

రాత్రి పూట తోడు మీ అత్తగారిని ఉండనివ్వండి. ఒళ్లు తుడవాలన్నా, బెడ్‌పాన్ పెట్టాలన్నా మీ ఆవిడకు తల్లి అయితే సిగ్గుండదు. పైగా అది ఇద్దరు పేషెంట్లుండే రూమైతే, అవతలి మంచం మీదావిడకు మీరుండటం ఇబ్బంది. మూడు రాత్రుల తర్వాత అత్తగారికీ విశ్రాంతి కావాలి. వదినో, మరదలో, పిన్నిగారో ఒక రాత్రి మార్చుకునేలా చూడండి. మీరు పొద్దున ఆరున్నరకి టిఫిన్ పట్టుకుని వెళ్లండి, రౌండ్ అయ్యేదాకా ఉండండి. ఇల్లూ పిల్లలూ మీ అమ్మగారి చేతిలో పెట్టండి.

ఇద్దరికీ పడట్లేదన్నారు. ఎందుకు పడుతుంది? ఒకావిడ వంటింట్లో మాడిపోతూ ‘ఆవిడ అక్కడ ఏసీలో కూర్చుంది’ అనుకుంటుంది. ఇంకొకావిడ మంచం పక్క నేల మీద పడుకుంటూ ‘వాళ్లు ఇంట్లో హాయిగా నిద్రపోతున్నారు’ అనుకుంటుంది. మీరు ఒకరి గురించి ఇంకొకరి దగ్గర మంచిగా చెప్పండి. ‘అమ్మా, అత్తయ్య రాత్రంతా కూర్చునే ఉందట’ అని ఇక్కడ, ‘అత్తయ్యా, అమ్మ నాలుగింటికే లేచి మీకోసం కారం తక్కువేసి కూర చేసింది’ అని అక్కడ. కాస్త నటనే. పర్వాలేదు.

బాబు విషయంలో మాత్రం మీరంతా పెద్ద పొరపాటు చేశారు. అమ్మమ్మ మీ ఇంట్లో మీ సోఫాలోనే కూర్చుని ఉంటే, అమ్మ అమ్మమ్మ వాళ్లింటికి వెళ్లిందని ఏడేళ్లవాడికి చెప్పారా? వాడు నమ్మాడనుకుంటున్నారా? అడిగితే పెద్దవాళ్ల మొహాలు మారిపోతున్నాయని వాడు అడగడం మానేశాడు. తెలియని చోట పిల్లలు అన్నిటికంటే భయంకరమైనదే ఊహించుకుంటారు. ఈ రాత్రే పక్కన పడుకోబెట్టుకుని చెప్పండి: ‘నాన్నా, అమ్మ పొట్టలో చిన్న గొట్టం లాంటిది ఒకటి పాడైంది. డాక్టర్లు అది తీసేశారు. అమ్మ ఆస్పత్రిలో ఉంది. నొప్పి ఉంది, మందులు ఇస్తున్నారు. నాలుగు రోజులు మనం అమ్మ లేకుండా ఉండాలి. అబద్ధం చెప్పాం, సారీ.’ వాడు ‘నేను అల్లరి చేసినందుకా’ అని అడగొచ్చు. అడగకపోయినా, కాదని మీరే చెప్పండి. ముక్కులో గొట్టం తీశాక తీసుకెళ్లండి. ఈలోగా ఫోన్లో అమ్మ గొంతు వినిపించండి, ఒక్క నిమిషం చాలు. తీసుకెళ్లే ముందు చేతికి సూది, స్టాండుకి సీసా ఉంటాయని, అమ్మ ఒళ్లో ఎక్కకూడదని చెప్పి తీసుకెళ్లండి.

పాప సంగతి మీరు ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఆ సాయంత్రం తల్లిని ఆ స్థితిలో చూసింది ఆ పిల్లే. మీకు ఫోన్ చేసింది ఆ పిల్లే. మీరు వచ్చేదాకా ఆ ఇంట్లో ఎలా గడిపిందో ఎవరైనా అడిగారా? ‘నువ్వు ఫోన్ చేశావు కాబట్టే అమ్మ దక్కింది’ అని చెప్పండి, అది పొగడ్త కాదు, నిజం. ఇంకోటి, వచ్చిన చుట్టాలు ‘నువ్వే ఇక ఇంటికి పెద్దదానివి, తమ్ముణ్ణి చూసుకో’ అంటూ దాని చేతిలో చీపురు పెడతారు. పెట్టనివ్వకండి. అంట్లకు పనిమనిషిని పెట్టుకోండి, నెల రోజులకు. దాన్ని బడికి పంపండి.

డబ్బు సంగతి. ఆస్పత్రిలో ఇన్సూరెన్స్ డెస్క్ ఉంటుంది, టీపీఏ కౌంటర్ అంటారు. మీ హెచ్‌ఆర్ నుంచి హెల్త్ కార్డు తెప్పించుకుని అక్కడికి వెళ్లండి. అత్యవసరంగా చేరినప్పుడు సాధారణంగా 24 గంటల్లోపు ఇన్సూరెన్స్ కంపెనీకి తెలియజేయాలంటారు. ఆస్పత్రి వాళ్లే చేసి ఉండొచ్చు, అయినా చేశారా లేదా ఇవాళే అడగండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మేలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం క్యాష్‌లెస్ కోసం, అంటే బిల్లు కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టడం కోసం, అడిగిన గంటలోపు కంపెనీ తన నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జి రోజున ఆస్పత్రి నుంచి కోరిక అందాక మూడు గంటల్లోపు తుది అనుమతి ఇవ్వాలి. ఆలస్యమై ఆస్పత్రి అదనంగా ఏమైనా వేస్తే అది కంపెనీయే భరించాలి. డిశ్చార్జి రోజు పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చోబెడితే ఈ మాట కౌంటర్లో మెల్లగా అనండి.

రూము అద్దెకి పాలసీలో పరిమితి ఉందేమో చూసుకోండి. దానికి మించిన రూములో ఉంటే అద్దెలో తేడా ఒక్కటే మీ మీద పడదు, చాలా పాలసీల్లో డాక్టరు ఫీజు లాంటివి కూడా అదే లెక్కన కోస్తారు. చుట్టాలు ‘మంచి రూము తీసుకో’ అంటే చిరునవ్వు నవ్వి ఊరుకోండి. వాడకుండా మిగిలిన ఇంజెక్షన్లు, సెలైన్లు డిశ్చార్జికి ముందు ఆస్పత్రి ఫార్మసీకి తిరిగి ఇచ్చేయొచ్చు. చాలామంది ఇంటికి తెచ్చి అటక మీద పెడతారు. చేరకముందు బయట చేయించిన స్కానింగ్ బిల్లు పారేయకండి. ఆస్పత్రిలో చేరడానికి ముందూ వెనకా కొన్ని రోజుల ఖర్చు కూడా చాలా పాలసీలు ఇస్తాయి. ఒక ఫైలు కొని అన్నీ అందులోనే, ఒరిజినల్స్ మీ దగ్గర, ఎవరికి ఇచ్చినా జిరాక్స్ తీసుకున్నాకే.

ఇన్సూరెన్స్ లేనివాళ్లు చదువుతుంటే: 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు. నెట్‌వర్క్ ఆస్పత్రి అయితే ముందు గుమ్మంలోనే ఆరోగ్యమిత్ర కూర్చుంటారు. అప్పు చేయడానికి పరుగెత్తే ముందు వాళ్లతో మాట్లాడండి. చేతి నుంచి కట్టేసినవాళ్లు ముఖ్యమంత్రి సహాయనిధికి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా పెట్టుకోవచ్చు, ఒరిజినల్ బిల్లులు అడుగుతారు.

తమ్ముడూ, డబ్బు తక్కువైతే ఆ కవర్లోని తాడు మాత్రం ఆవిడకు చెప్పకుండా తాకట్టు పెట్టకండి.

ఇప్పుడు బ్లౌజులు. మీకు కోపం వచ్చిన చోటే నాకు మీ ఆవిడ బాగా నచ్చింది. ఆరోగ్యం కంటే బ్లౌజులెక్కువా అని మీకనిపించింది. కానీ పెళ్లివారు ఆది బ్లౌజులూ, పట్టు గుడ్డా ఈవిడ చేతిలో పెట్టి వెళ్లారు. ముహూర్తం ఆగదు. ఒక్క పెళ్లిలో బ్లౌజు అందకపోతే ఆ వీధిలో, ఆ బంధువర్గంలో మళ్లీ ఎవరూ ఆవిడ గుమ్మం ఎక్కరు. ఇన్నేళ్లుగా సంపాదించుకున్న పేరది. మీ డీలరుకి విత్తనాల లోడు అందకపోతే మీకు నిద్ర పడుతుందా? సోమవారం నొప్పి అంటే వినలేదని కుమిలిపోతున్నారు కదా, మరి ఇప్పుడు ఇంకోటి చెబుతోంది, దాన్నీ కసిరేశారు.

‘నువ్వేం ఆలోచించకు’ అన్నంత మాత్రాన ఆలోచన ఆగదు. పని అయిపోయిందని చెబితే ఆగుతుంది. ఆవిడ కొలతల నోట్‌బుక్ మిషన్ సొరుగులో ఉంటుంది. ఫోన్ లాక్ ప్యాట్రన్ మీకు తెలియకపోతే బాబునడగండి, వాడికి కచ్చితంగా తెలుసు. ఎవరివి ఎన్ని ఉన్నాయి, ఏవి కోసినవి, ఏవి హుక్స్, కాజాలు మాత్రమే మిగిలినవి, మగ్గం వర్క్‌కి బయట ఇచ్చినవి ఏవి, ఓ కాగితం మీద రాసి పట్టుకెళ్లి ఆవిడకు చదివి వినిపించండి. ఎవరికి అప్పగించాలో ఆవిడే చెబుతుంది. తనకు నమ్మకమున్న ఇంకో టైలర్ ఒకామె ఎక్కడో ఉండే ఉంటుంది. పెళ్లివారికి ఫోన్ మీరు చేయండి. జరిగింది చెబితే తిట్టేవాళ్లు తక్కువ. అడ్వాన్స్ తిరిగి అడిగితే ఇచ్చేయండి, బేరమాడకండి.

ఫోన్ చేతికొచ్చాక మీకింకా చాలా తెలుస్తుంది. గ్యాస్ బుకింగ్ ఎవరి నంబరు మీద ఉందో, పాలవాడికి ఎంత ఇవ్వాలో, స్కూలు వ్యాను ఫీజు ఏ తారీకో, చీటీ ఎవరి దగ్గర వేస్తోందో. ఊళ్ల మీద తిరిగే మీకు ఇవేవీ తెలియకపోవడంలో వింత లేదు. తెలిశాయి కాబట్టి రెండు మూడు మీ దగ్గరే ఉంచేసుకోండి.

చుట్టాల ఫోన్ల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఫ్యామిలీ గ్రూపులో రాత్రి ఎనిమిదింటికి ఒకే మెసేజ్ పెట్టండి. మిగతా కాల్స్ మీ బావమరిదికి వదిలేయండి. చూడ్డానికి వస్తామంటే ఇంటికి వచ్చాక రమ్మనండి. ఇంటికి వచ్చాక ఇంకో వారం ఆగమనండి.

ఇంటికి తెచ్చే రోజున ముందు సర్జన్ని అడగాల్సినవి కాగితం మీద రాసుకెళ్లండి: కుట్లు ఎప్పుడు తీస్తారు, స్నానం ఎప్పుడు, తిండిలో ఏం తగ్గించాలి, మిషన్ ఎప్పుడు తొక్కొచ్చు. పొట్ట పెద్దగా కోశారు కాబట్టి నెలన్నర దాకా బరువులు వద్దనే చెబుతారు. బరువంటే మగవాళ్లకు బియ్యం బస్తా గుర్తొస్తుంది. ఆవిడకు బరువంటే నీళ్ల బకెట్, తడిబట్టల టబ్బు, కుక్కరు, ఎత్తుకోమని చేతులు చాచే ఏడేళ్ల వాడు. ఆ కుట్లు లోపల గట్టిపడకముందే ఇవి ఎత్తితే తర్వాత అక్కడ హెర్నియా వచ్చే ప్రమాదం ఉంది. తీసేసిన అపెండిక్స్‌ని బయాప్సీకి పంపే ఉంటారు. ఆ పేరు విని హడలిపోకండి, మామూలుగా పంపేదే. రిపోర్టు తీసుకుని మళ్లీ చూపించినప్పుడు డాక్టరు చేతికివ్వడం మాత్రం మర్చిపోకండి.

జ్వరం మళ్లీ వచ్చినా, కుట్ల దగ్గర ఎర్రబడి చీము కారినా, పొట్ట ఉబ్బి వాంతులైనా, ఒక పిక్క వాచి నొప్పి పెట్టినా, ఊపిరి ఆడకపోయినా, రేపు చూద్దాం అనుకోకుండా తీసుకెళ్లండి. ఈసారి ‘తగ్గింది’ అన్నా తీసుకెళ్లండి.

పప్పు తింటే చీము పడుతుందని మీ ఇంట్లో ఒకరైనా అంటారు. పుండు మానాలంటే మాంసకృత్తులు కావాలి. డాక్టరు మామూలు భోజనం పెట్టొచ్చన్నాక పప్పు, గుడ్డు, పెరుగు పెట్టండి. వెల్లుల్లి కారంతో నెల రోజులు గడిపించే పత్యం కాలం పోయింది.

నాలుగైదు రోజులకు ఏ కారణం లేకుండా ఏడుస్తుంది. లేదా మీ మీద అరుస్తుంది, గోడకేసి తిరిగి పడుకుంటుంది. ఒళ్లు భయపడింది కదా, ఆ భయం ఆలస్యంగా బయటికొస్తుంది. ‘అంతా బాగైపోయిందిగా’ అనకండి. పక్కన కూర్చోండి. వారాలు గడిచినా ఆ దిగులు తగ్గకపోతే, నిద్ర పట్టకపోతే, మళ్లీ చూపించడానికి వెళ్లినప్పుడు డాక్టరుతో చెప్పండి.

మీరు బెంచీ మీంచి లేచారా? రాత్రి బండి మీద ఇంటికి వెళ్తూ నిద్రమత్తులో పడకండి, ఆటోలో వెళ్లండి. అన్నం తినండి. పడుకునే ముందు మిషన్ సొరుగు తీయండి. పెళ్లివాళ్లకు తొమ్మిదిలోపు ఫోన్ చేయండి, ఆ తర్వాత చేస్తే బాగుండదు.